ఆంధ్ర నాటక పితామహుడు

నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆలూరు, ఆదోని ప్రాంతాలు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివి. వానలు కరవైన ఈ మెట్టసీమలో తెలుగు, కన్నడం కలిసి పెరిగాయి. ఈ సీమకు విద్యాకేంద్రమైన బళ్లారి పట్టణంలోనే తెలుగు నాటకం పాటను తోడు చేసుకొన్నది. అందుకు కారకులు ధర్మవరం రామకృష్ణమాచార్యులు.

ఆయన 1853లో నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని ధర్మవరంలో పండిత కుటుంబంలో జన్మించారు. సంస్కృతాంధ్రాలతోపాటు కన్నడం, ఆంగ్లం అభ్యసించారు. బళ్లారిలో న్యాయవాదిగా పేరు పొందారు. పగలంతా న్యాయస్థానంలో వాదించే ఆ వకీలు మనస్సు రంగస్థలం మీదనే ఉండేది.

ఆనాడు పల్లెల్లో యక్షగానాలకు, వీథినాటకాలకు పాటే ప్రాణం. పండితులు రచించిన నాటకాలలో మాత్రం పద్యానికీ గద్యానికీ పెద్దపీట. పామరులు మెచ్చిన పాట ఒక దారిన, పండితులు మెచ్చిన పద్యం మరొక దారిన సాగుతున్న కాలమది. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో ఒక కుటుంబం నాటకాన్ని జీవనోపాధిగా స్వీకరించింది. మరుసటి సంవత్సరమే, 1886లో, ఆచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించారు. ఇందులోని వారు చదువుకొన్న ఔత్సాహికులు. నాటకం వారికి వృత్తి కాదు, వ్యాసంగం.

సభ కోసం ఆయన రచించిన చిత్రనళీయం 1887లో ప్రదర్శింపబడింది. అందులో పద్యం, గద్యం, పాట మూడూ చోటు చేసుకొన్నాయి. ఆయన కేవలం గ్రంథకర్త కారు. నాటకం రచించి, సభ్యులకు నేర్పి, ప్రధాన పాత్రలను తామే ధరించేవారు. ఏ పాట ప్రేక్షకుని కదిలిస్తుందో, ఏది విసుగు పుట్టిస్తుందో రంగస్థలం మీద నిలిచినవానికే ముందుగా తెలుస్తుంది. ఆయన రచనాశిల్పానికి ఆ అనుభవమే గురువు. పాదుకాపట్టాభిషేకం, ప్రహ్లాద మొదలుగా ముప్పదికి దగ్గరగా నాటకాలు ఆయన కలం నుండి వెలువడ్డాయి.

సంప్రదాయాన్ని ఎరిగిన ఆచార్యులవారు దానిని మార్చడానికి వెనుదీయలేదు. పాశ్చాత్య పద్ధతిలో అంకాలను రంగాలుగా విభజించారు. నాటకం శుభాంతంగా ఉండాలన్న పూర్వ నియమాన్ని కాదని, విషాద సారంగధరను దుఃఖాంతంగా ముగించారు.

నటుడంటే సంఘంలో చులకన భావం ఉన్న రోజులవి. 1891లో సరసవినోదినీ సభ మద్రాసులో నాటకాలు ప్రదర్శించింది. గౌరవనీయులైన విద్యావంతులే వేషాలు ధరించడం చూసి పమ్మల్ సంబంధ ముదలియార్ అనే యువకుడు ఆశ్చర్యపోయాడు. నాటకాలంటే అంతవరకూ ఉన్న ఏవగింపు అతనిలో తొలగిపోయింది. ఆ ఏడే ఆయన, మిత్రులు కలిసి సుగుణవిలాస సభను నెలకొల్పారు. అనంతరకాలంలో ఆయన తమిళ నాటకరంగానికి పెద్దదిక్కయ్యారు.

పాటను గురించి విమర్శలూ వచ్చాయి. దుఃఖంలో ఉన్న పాత్ర పాడడం సహజమా అని కొందరు ప్రశ్నించారు. తరువాతి కాలంలో కొందరు నటులు సందర్భాన్ని మరచి రాగాలు సాగదీయడంతో ఆ ప్రశ్నకు బలం చేకూరింది. ఆచార్యులవారి మేనల్లుడు, సుప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవ సైతం సంగీతం కన్న సహజాభినయానికే ప్రాధాన్యమిచ్చారు. అయినా రాఘవకు రంగస్థలాన్ని పరిచయం చేసినది ఆ మేనమామ సభయే. పాట పాత్రకు లోబడినంతవరకే నాటకానికి అలంకారమని ఈ వాదం మనకు తెలుపుతుంది.

ఆచార్యులవారు 1912లో పరమపదించారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయన పేరులో భాగమై నిలిచింది. ఎంత పాండిత్యమున్నా, జనం ఎదుట నిలిచి నేర్చుకోవడానికి ఆయన సంకోచించలేదు. విద్యార్థులు ఆయన జీవితం నుండి గ్రహింపదగినది ఈ గుణమే.