బల్ల దగ్గర చోటు

బోదకాలు అంటే ఏమిటో గూడూరు పరిసర గ్రామాల్లోని పెద్దలకు వివరించనక్కరలేదు. వాచిన కాలును ఈడ్చుకుంటూ నడిచినవారిని కళ్లారా చూసిన తరం అది. ఆ జబ్బును అదుపు చేసేందుకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకుంటున్నాము. ఎందుకంటే దేవుని సంఘం నేర్చుకోవలసిన పాఠం అందులో ఉంది.

1895 జనవరి 12న భీమవరంలో ఆయన జన్మించారు. చదువుకునే వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన బయటకు రావలసి వచ్చింది. ఇంతలో స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆయనకూ సోకి, ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

1920ల తొలినాళ్లలో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో చిన్న కొలువు. 1925లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టారు. ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనే ప్రపంచమంతా వాడింది. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై, ముఖ్యంగా నేటి విద్యార్థులు ఏటీపీ అని చదువుకునేదానిపై, వారి పరిశోధన 1920ల చివర్లో వెలువడింది. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వతమైన స్థానం ఇవ్వలేదు. ప్రయోగశాల తలుపు తెరిచారు, పని చేయించుకున్నారు, కానీ తమలో ఒకడిగా కూర్చోబెట్టుకోలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను తర్వాతివారు మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయే అందుకు కారణమనీ నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. బయటి సమాజమూ అలాగే ఉంది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. 1946లో గానీ చట్టం మారలేదు.

1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను చంపిన జబ్బుకు అది మందు. ఆ బృందం నుంచే బోదకాలు మందు వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు సిడ్నీ ఫార్బర్ తొలిసారి ఇచ్చిన మందు కూడా అక్కడిదే. ఆ పిల్లలకు చికిత్స జరిగింది ఏ ఊరిలో? బోస్టన్‌లో. హార్వర్డ్ వైద్య కళాశాల ఉన్నదీ ఆ ఊరిలోనే. చోటివ్వని నగరానికే ఆయన చేతి మేలు తిరిగి వెళ్లింది.

1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. స్వదేశాన్ని మళ్లీ చూడలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన పేరు కోసం పాకులాడలేదు, సహచరులనే ముందుకు నెట్టేవారు. అయితే ఒకరి వినయం మరొకరి అన్యాయానికి సాకు కాకూడదు.

రెండవ సమూయేలు 9వ అధ్యాయం చదవండి. రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతు లోదెబారులో, పరుల ఇంట తలదాచుకుంటున్నాడు. దావీదు అతణ్ణి పిలిపించి జాలి మాటలతో పంపించివేయలేదు. తాతగారి భూమిని తిరిగి ఇచ్చాడు. రాజకుమారులలో ఒకడిగా ప్రతిదినం తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. హక్కూ దక్కింది, చోటూ దక్కింది. ఈ రెండూ కలిస్తేనే చేర్చుకోవడం అవుతుంది.

సుబ్బారావు గారు మన నేలపై అగ్రకులస్థుడు. ఇక్కడ కులం పేరున ఆయనను ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు. సముద్రం దాటాక ఆయనే బయటివాడయ్యాడు. మరి సొంత గడ్డమీదే బయటివారిగా బతుకుతున్నవారి మాటేమిటి? గూడూరు చుట్టూ ఉన్న యానాది కాలనీల నుంచి, దళితవాడల నుంచి బిడ్డలు నేడు విశ్వవిద్యాలయాల మెట్లు ఎక్కుతున్నారు. సీటు చట్టం ఇస్తుంది. కానీ ఆచార్యుడు తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడే గంటను, పరిశోధన పత్రంలో న్యాయంగా దక్కవలసిన పేరును, తోటివారి భోజనపు బల్లను చట్టం ఒక్కటే తెచ్చి ఇవ్వలేదు. వాటిని మనుషులే ఇవ్వాలి.

విశ్వవిద్యాలయాలను వేలెత్తి చూపడానికి ముందు మన సంఘాలను పరీక్షించుకుందాం. ఆరాధనకు రానిస్తున్నాం సరే, పెద్దల కమిటీలో ఎవరిని కూర్చోనిస్తున్నాం? కుర్చీలు మోసేవారి పేరు మనకు తెలుసా? మొదటి తరం చదువరి సెలవులకు ఇంటికి వస్తే, ఏం చదువుతున్నావని అడిగి చెవి ఒగ్గి వింటున్నామా? పరదేశులమైన మనలను క్రీస్తు తన ఇంటివారిగా చేసుకున్నాడని నమ్మేవారం మనం. ఆయన బల్ల దగ్గర మనకు దొరికిన చోటు మన యోగ్యతను బట్టి రాలేదు. అలాంటప్పుడు పక్కవాడికి కాస్త జరిగి చోటివ్వడం మనం చేసే ఉపకారం కాదు. అది మనం తీర్చవలసిన బాకీ.