పల్లెపాట వెంట నడిచిన స్వరకర్త – బేలా బార్టోక్

సంగీతం దేవతలిచ్చిన వరమని మన పెద్దలు చెబుతారు. వరమే కావచ్చు గాని, దాన్ని తరతరాలుగా మోసుకొచ్చినవాళ్లు మాత్రం పేరూ ఊరూ తెలియని మామూలు మనుషులు. ఆ సంగతి గ్రహించి, వాళ్ల గడపలకు వెళ్లి కూర్చున్న మహానుభావుడు హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్. నేను సంగీతశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, ఒట్టి శ్రోతను. అయినా ఈయన జీవితం ప్రతి విద్యార్థీ తెలుసుకోదగ్గదని నా నమ్మకం.

బార్టోక్ 1881 మార్చి 25న పుట్టాడు. పుట్టిన ఊరు అప్పట్లో హంగేరీది, ఇప్పుడు రుమేనియాది. ఏడేళ్లకే తండ్రి పోయాడు. తల్లి పంతులమ్మగా పనిచేస్తూ పిల్లల్ని సాకింది. కొడుక్కి పియానో నేర్పిన తొలి గురువూ ఆవిడే. 1899లో బుడాపెస్ట్ సంగీత అకాడమీలో చేరాడు. 1907లో అక్కడే పియానో ఆచార్యుడయ్యాడు.

ఈ మధ్యలోనే, 1904 వేసవిలో, ఓ చిన్న సంఘటన జరిగింది. ఆయన బస చేసిన చోట, పిల్లల్ని ఆడించే ఓ పల్లెటూరి పిల్ల ఏదో పాట పాడుకుంటోంది. ఆ బాణీ ఆయన్ని కట్టిపడేసింది. ఎందుకంటే, అంతవరకు హంగేరీ జాతీయ సంగీతమని లోకం అనుకున్నది పట్నాల్లో జిప్సీ మేళాలు వాయించే సంగీతం. అసలు రైతుల పాట వేరే ఉందన్నమాట! మరుసటి ఏడు జోల్తాన్ కొదాయ్‌తో పరిచయమైంది. ఇద్దరూ ఫోనోగ్రాఫు పట్టుకుని పల్లెలకు బయల్దేరారు. 1906లో జానపద గీతాల చిన్న సంపుటం కలిసి ప్రచురించారు.

ఆ పని అనుకున్నంత సులువు కాదు సుమండీ! ముసలమ్మలు ఓ పట్టాన పాడేవారు కారు. పాతపాట అడిగితే చర్చిపాట ఎత్తుకునేవారు. బతిమాలి, ఓపిక పట్టి, ఒక్కో పాటా మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించుకుని, తర్వాత మళ్లీ మళ్లీ విని స్వరపరిచేవాడు. అలా వేల పాటలు పోగుచేశాడు. పాత హంగేరియన్ బాణీలు చాలావరకు అయిదు స్వరాలతోనే నడుస్తాయి, మన మోహనలాంటి రాగాల్లాగే. పిల్లల కోసం మొదలుపెట్టి 153 ముక్కలుగా కూర్చిన ‘మైక్రోకాస్మోస్’ చివర్లో బల్గేరియన్ లయలున్నాయి. ఖండచాపు, మిశ్రచాపు ఎరిగిన మన చెవికి అవి మరీ పరాయిగా తోచవు. పల్లెపాటను తెచ్చి పైపైన అద్దటం కాదు ఆయన చేసింది. దాని ఎముకల్ని అర్థం చేసుకుని, దాంతో కొత్త సంగీతం కట్టాడు.

అయితే ఆయన హంగేరియన్ పాటతో ఆగలేదు. స్లోవాక్, రుమేనియన్ పల్లెలు తిరిగాడు. 1913లో అల్జీరియా, 1936లో టర్కీ వెళ్లాడు. పాటలకు సరిహద్దులుండవని, ఒక జాతి బాణీ ఇంకో జాతిలో కలిసినప్పుడే అది పుష్టిగా ఎదుగుతుందని కళ్లారా చూశాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి, దేశం ముక్కలై, అందరి గుండెలూ మండుతున్న రోజుల్లో ఈ మాట ఎవరికి రుచిస్తుంది? రుమేనియన్ల సంగీతం మీద వ్యాసం రాసినందుకు 1920లో స్వదేశంలోనే దేశభక్తి లేనివాడన్నారు. తర్వాత రుమేనియా వైపునుంచి హంగేరీ పక్షపాతి అన్నారు. రెండు వైపులా తిట్లు తిన్నాడు గాని పని మానలేదు.

1938లో ఆస్ట్రియాను హిట్లర్ మింగేశాక, ఆర్యజాతి వాడివేనా అంటూ వియన్నా నుంచి ప్రశ్నాపత్రం వచ్చింది. పూర్తిచేయడానికి బార్టోక్, కొదాయ్ ఇద్దరూ నిరాకరించారు. తల్లిని వదిలి కదల్లేక దేశంలోనే ఉండిపోయాడు. 1939 డిసెంబరులో ఆవిడ కన్నుమూసింది. 1940 అక్టోబరులో భార్య దిత్తతో అమెరికాకు బయల్దేరాడు. వెళ్తూ రాసిన వీలునామాలో, బుడాపెస్ట్‌లో హిట్లర్, ముస్సోలినీల పేర్లున్న వీధులు ఉన్నంతకాలం ఏ వీధికీ తన పేరు పెట్టవద్దని షరతు పెట్టాడు.

న్యూయార్క్‌లో కచేరీలు తక్కువ, రాబడి అంతంతమాత్రం. కొలంబియా విశ్వవిద్యాలయంలో యుగోస్లావ్ పాటల రికార్డుల మీద కొంతకాలం పనిచేశాడు. ల్యుకేమియా పట్టుకుంది. దానం పుచ్చుకునే మనిషి కాడు. అది తెలిసిన మిత్రులు సిగెటి, రైనర్ తెరవెనక ఉండి, 1943లో బోస్టన్ ఆర్కెస్ట్రా నిర్వాహకుడు కుస్సెవిట్స్కీ ద్వారా కొత్త రచన కోరించారు. కుస్సెవిట్స్కీ స్వయంగా ఆసుపత్రికి వెళ్లి అడిగాడు. మంచం పట్టినవాడు లేచి రెండు నెలల్లోపే ‘కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ పూర్తిచేశాడు! 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో వినిపించిన ఆ రచనకు ఈనాటికీ ఆదరణ తగ్గలేదు.

భార్య కోసం రాస్తున్న మూడో పియానో కాన్సర్టోలో చివరి 17 బార్లకు వాద్యబృందం కూర్పు మిగిలి ఉండగానే, 1945 సెప్టెంబరు 26న ప్రాణం విడిచాడు. 1988లో ఆయన అస్థికలు బుడాపెస్ట్ చేరాయి.

మిత్రులారా! తన ఊరి పాటను ప్రేమించటానికి పక్క ఊరి పాటను ద్వేషించనక్కర్లేదని బార్టోక్ బతికి చూపించాడు. ఎన్ని పట్టాలు పుచ్చుకున్నా మనం నేర్వవలసిన పాఠం అదేననిపిస్తుంది నాకు. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ నాయనమ్మనో, నాట్లు వేసే కూలితల్లినో ఒక పాట అడిగి చూడండి. ముందు రాదంటారు. కాస్త ఓపిక పట్టండి.