పాప్ పరీక్ష వెనుక మనిషి

బదిలీ మీద భాష రాని ఊరిలో దిగిన ప్రతిసారీ మాకు జార్జ్ పాపనికొలావు గుర్తొస్తారు.

ఆయన 1883లో గ్రీసు దేశంలోని కీమి పట్టణంలో పుట్టారు. ఏథెన్స్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1913లో భార్య ఆండ్రొమాకితో న్యూయార్క్ చేరారు. చేతిలో డబ్బు లేదు, అక్కడి భాష రాదు. ఆమె ఒక దుకాణంలో గుండీలు కుట్టారు. ఆయన తివాచీలు అమ్మారు. తర్వాత కార్నెల్ వైద్య కళాశాల ప్రయోగశాలలో చోటు దొరికింది.

అక్కడ మొదట గినీ పందుల కణాలను, ఆపై స్త్రీల కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. ఏళ్ల తరబడి నమూనాలిచ్చి సహకరించినది భార్యే. అలా చూస్తుండగా ఒక స్త్రీ నమూనాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు కనిపించాయి. 1928లో ఆ సంగతి ప్రకటిస్తే వైద్యులు పట్టించుకోలేదు. ఆయన పని మానలేదు. కామన్‌వెల్త్ ఫండ్ అనే ధర్మనిధి అండగా నిలిచింది. డాక్టర్ హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి రాసిన గ్రంథం 1943లో వెలువడ్డాక లోకం నమ్మింది. పరిశోధనకు ఓపికతో పాటు డబ్బూ కావాలని ఆయన జీవితం చెబుతుంది.

ఈ పరీక్ష గొప్పతనం ఏమిటంటే, బాధ మొదలవకముందే కణాల్లో మార్పు తెలుస్తుంది. అప్పుడే చికిత్స చేస్తే క్యాన్సర్ రాకుండా ఆపవచ్చు. పరీక్ష అందరికీ అందిన దేశాల్లో ఈ మరణాలు బాగా తగ్గాయి. పాపనికొలావు 1962లో కన్నుమూశారు.

మన ఇళ్లలో అమ్మలు ఇలాంటి మాట పైకి చెప్పుకోరు. సిగ్గు వల్ల ఆలస్యం, ఆలస్యం వల్ల ప్రాణాపాయం. పిల్లలూ, ముప్పై దాటిన మీ అమ్మను, పిన్నిని, అత్తను ఒకసారి పరీక్ష చేయించుకోమని అడగండి. ఆయనకు మనం చేయగల నివాళి అదే.