బొమ్మల యుద్ధానికి నియమాలు రాసిన హెచ్.జి. వెల్స్

హెచ్.జి. వెల్స్ పేరు చెప్పగానే మనకు కాలయంత్రం, అదృశ్య మానవుడు గుర్తుకు వస్తాయి. బొమ్మ సైనికులతో నేల మీద ఆడే యుద్ధపు ఆటకు నియమాలు రాసింది కూడా ఆయనేనని మనలో చాలామందికి తెలియదు. బీదరికంలో పెరిగి, స్కాలర్‌షిప్పుతో చదివిన ఆయన జీవితం మన హాస్టల్ మిత్రులందరం తెలుసుకోదగినది.

వెల్స్ 1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని బ్రామ్లీలో జన్మించారు. తండ్రి జోసెఫ్ చిన్న దుకాణదారు, క్రికెట్ ఆటగాడు. తల్లి సారా పెళ్లికి ముందు ధనవంతుల ఇంట్లో పనిచేసేది. వెల్స్ చిన్నతనంలో కాలు విరిగి మంచాన పడ్డారు. ఆ రోజుల్లోనే పుస్తకాల రుచి తెలిసింది. 1877లో తండ్రి తొడ ఎముక విరగడంతో కుటుంబ ఆదాయం పడిపోయింది. తల్లి మళ్లీ ఒక జమీందారీ భవనంలో పనికి చేరింది. వెల్స్‌ను బట్టల దుకాణంలో పెట్టారు. రోజుకు పదమూడు గంటల చాకిరీ, రాత్రి తోటి కుర్రాళ్లతో కలిసి ఒకే గదిలో పడక.

1883లో ఆ పని వదిలేసి ఒక పాఠశాలలో చదువుకుంటూ, చిన్నవారికి పాఠాలు చెప్పే అవకాశం సంపాదించారు. 1884లో లండన్‌లో సైన్సు చదవడానికి స్కాలర్‌షిప్ దక్కింది. వారానికి 21 షిల్లింగులు ఇచ్చేవారు. ప్రసిద్ధ శాస్త్రవేత్త హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం నేర్చుకున్నారు. 1887లో చివరి పరీక్ష తప్పినా నిరాశ పడక, 1890లో డిగ్రీ సాధించారు. 1895లో వచ్చిన ‘ది టైమ్ మెషీన్’ నవలతో పేరు మార్మోగింది.

బొమ్మల ఆటల మీద ఆయన 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’, 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకాలు రాశారు. ఆటకు పునాది ఒక బొమ్మ ఫిరంగి. స్ప్రింగు నొక్కితే చిన్న కర్రముక్క ఎగిరి సైనికుణ్ణి పడగొట్టేది. చెక్క ఇటుకలతో గుట్టలు, అట్టలతో ఇళ్లు, సుద్దముక్కతో నది, చెట్లకు పుల్లలు. ప్రతి ఆటకూ కొత్త రంగస్థలం! మునేటి ఇసుకలో గట్లు కట్టి, మన పెనుగంచిప్రోలు తిరునాళ్లలో కొన్న బొమ్మలు పేర్చుకుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మధ్యలో తెర కట్టి, ఎదుటివాడు చూడకుండా ఎవరి సైన్యాన్ని వారు నిలుపుకోవాలి. కాల్బలం ఒక వంతుకు ఒక అడుగు, గుర్రపు దళం రెండు అడుగులు జరుగుతుంది. నలుగురు సైనికులు దగ్గర లేకపోతే ఫిరంగి పేలదు. గడియారం చూసి సమయం లెక్కపెడతారు.

ఆటను అంతగా ప్రేమించిన వెల్స్, అసలు యుద్ధం ఎంత అవివేకమో తెలియాలంటే ఈ ఆట ఆడి చూడమన్నారు. బొమ్మలు పడిపోతే మళ్లీ నిలబెట్టవచ్చు, మనుషులను నిలబెట్టలేం. కానీ మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. దీనితో యుద్ధాలే అంతమవుతాయన్న ఆశతో ఆయనే దాన్ని సమర్థించారు. ఆ ఆశ నెరవేరలేదు. 1914లోనే ఒక నవలలో ఆయన ఊహించిన అణుబాంబు 1945లో హిరోషిమా, నాగసాకిల మీద నిజంగానే పడింది. మరుసటి సంవత్సరం, 1946 ఆగస్టు 13న వెల్స్ లండన్‌లో కన్నుమూశారు.

ఆయన వేసిన బాటలో తరువాత ఎన్నో ఆటలు వచ్చాయి. 1983లో వార్‌హామర్, 2004లో పలకలు పేర్చి కొండలు, నదులు కట్టుకునే హీరోస్కేప్ వెలువడ్డాయి. సైనికులను సేకరించి, రంగులు వేసి ఆడేవారు నేడు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

మిత్రులారా! బట్టల దుకాణంలోనే ఉండిపోవలసిన కుర్రవాణ్ణి బయటకు తెచ్చింది చదువే. పరీక్ష తప్పినా చదువు ఆపని ఆయన పట్టుదలను మనమూ నేర్చుకుందాం. పోటీని ఆటలోనే ఉంచుకుని, బయట స్నేహంగా మెలుగుదాం.