లింకన్ రెండు ప్రసంగాలు

అబ్రహాం లింకన్ 1809 ఫిబ్రవరి 12న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, కర్రదుంగలతో కట్టిన చిన్న ఇంట్లో జన్మించాడు. తొమ్మిదో ఏట తల్లిని పోగొట్టుకున్నాడు. ఆయన బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపినా ఒక సంవత్సరం నిండదు. దొరికిన పుస్తకమల్లా చదువుతూ తనకు తానే గురువయ్యాడు. పొలం పనులు చేశాడు. పోస్టుమాస్టరుగా పనిచేశాడు. చివరకు ఇల్లినాయ్ రాష్ట్రంలో న్యాయవాదిగా పేరు పొందాడు. ఎదుటివారికి నచ్చజెప్పే నేర్పు ఆ వృత్తిలో ఆయనకు బాగా అలవడింది.

ఆ రోజుల్లో దక్షిణ రాష్ట్రాలలో సుమారు 40 లక్షలమంది నల్లజాతివారు బానిసలుగా బతుకుతున్నారు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు వ్యాపించరాదని లింకన్ వాదించాడు. 1860లో ఆయన అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. అది సహించలేక, ఆయన పదవి చేపట్టకముందే ఏడు దక్షిణ రాష్ట్రాలు దేశం నుండి విడిపోయినట్లు ప్రకటించాయి.

1861 మార్చి 4న వాషింగ్టన్‌లో ప్రమాణస్వీకారం జరిగింది. కాపిటల్ భవనం గుమ్మటం అప్పటికింకా పూర్తికాలేదు. దాని ఎదుట నిలబడి లింకన్ దక్షిణాదివారిని ఉద్దేశించి మాట్లాడాడు. మొదట వారి భయం పోగొట్టాలనుకున్నాడు. బానిసత్వం ఉన్న రాష్ట్రాలలో తాను జోక్యం చేసుకోనన్నాడు. తరువాత న్యాయం చెప్పాడు. అందరూ కలిసి చేసుకున్న ఒడంబడికను ఒక పక్షమే రద్దు చేయజాలదన్నాడు. ఆ పైన లోకజ్ఞానాన్ని గుర్తుచేశాడు. భార్యాభర్తలు విడిపోతే చెరొక దారిన పోవచ్చు గాని, ఒకే నేలమీది రెండు భాగాలు ఎక్కడికి పోతాయని ప్రశ్నించాడు. చివరకు పూర్వుల త్యాగాలను తలపించి, మనం శత్రువులం కామని వేడుకున్నాడు.

అయినా ఆ మాటలు యుద్ధాన్ని ఆపలేకపోయాయి. ఏప్రిల్ 12న దక్షిణాది ఫిరంగులు సమ్టర్ కోటపై పేలాయి. నాలుగేళ్ళ పోరులో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారు. ఆ మొదటి ప్రసంగంలో ఇంకొక లోటు కూడా ఉంది. అందులో బానిసలకు ఊరట కలిగించే మాట లేదు. వారు బానిసలుగా ఉండిపోతేనే ఆ శాంతి నిలిచేది.

యుద్ధం లింకన్‌ను ముందుకు నడిపించింది. 1863 జనవరి 1న, తిరుగుబాటు ప్రాంతాలలోని బానిసలు స్వతంత్రులని ఆయన ప్రకటించాడు. 1864లో ప్రజలు ఆయననే తిరిగి ఎన్నుకున్నారు.

1865 మార్చి 4 నాటికి గుమ్మటం పూర్తయింది. విజయం దగ్గరపడింది. జనం విజయగర్వంతో కూడిన మాటలు ఆశించారు. లింకన్ కొద్ది నిమిషాలు మాత్రమే మాట్లాడాడు. బానిసత్వాన్ని దక్షిణాది తప్పుగా కాక, దేశమంతా అనుభవించవలసిన పాపంగా చెప్పాడు. ఇరుపక్షాలవారూ ఒకే దేవుణ్ణి ప్రార్థించారని గుర్తుచేశాడు. ఎవరిపైనా పగ వద్దని, దేశానికి తగిలిన గాయాలు మాన్పుదామని, మరణించిన సైనికుల భార్యాబిడ్డలను ఆదుకుందామని కోరాడు. ఒకప్పుడు బానిసగా బతికిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ జనంలో నిలబడి విన్నాడు. ఆ సాయంత్రం స్వయంగా లింకన్‌ను కలిసి మెచ్చుకున్నాడు.

ఏప్రిల్ 14 రాత్రి ఒక హంతకుడు లింకన్‌పై కాల్పులు జరిపాడు. మరునాటి ఉదయం ఆయన కన్నుమూశాడు. ఆ ఏడాది డిసెంబరులో రాజ్యాంగ సవరణతో అమెరికాలో బానిసత్వం రద్దయింది.

మొదటి ప్రసంగంలో లింకన్ ఎదుటివారికి నచ్చజెప్పడానికి ప్రయత్నించాడు. రెండవ ప్రసంగంలో తనవారి తప్పును కూడా ఒప్పుకున్నాడు. గెలిచే వేళ అలా మాట్లాడగలగడమే ఆయన గొప్పతనం.