ఎరిక్ లిడెల్ పరుగెత్తని రిలే

1924 జూలై 13, ఆదివారం. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ రోజు రెండు రిలే పందాల ఫైనల్స్ జరిగాయి. 4×100 మీటర్లలో అమెరికా జట్టు 41.0 సెకన్లలో గెలిచింది. బ్రిటన్ జట్టు 41.2 సెకన్లతో రెండవది. 4×400లో కూడా అమెరికాదే గెలుపు. అక్కడ బ్రిటన్ 1.4 సెకన్లు వెనుకబడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, 400 మీటర్ల పందెంలో బ్రిటన్‌కు బంగారు పతకం తెచ్చిన యువకుడు ఆ రెండు జట్లలోనూ లేడు. ప్రభువు దినాన పరుగెత్తనని ఆయన ముందే చెప్పేశాడు.

ఎరిక్ లిడెల్ కథ మన సంఘాల్లో చాలామందికి తెలుసు. సండే స్కూల్లో చెబుతాం, యవ్వనస్థుల కూడికల్లో సినిమా చూపిస్తాం. ఆదివారమని 100 మీటర్లు వదులుకున్నాడు, దేవుడు 400 మీటర్లలో బంగారం ఇచ్చాడు అంటాం. అక్కడితో ఆమేన్ చెప్పి ఇంటికి వెళ్తాం. రిలే సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎందుకంటే అది కాస్త ఇబ్బంది పెట్టే సంగతి. 100 మీటర్ల పతకం పోతే పోయేది తనదే. రిలే నలుగురిది. 0.2 సెకన్ల తేడాతో బంగారం పోయిన ఆ నలుగురికీ మనస్సాక్షి మాట చెప్పి ఒప్పించడం తేలిక కాదు. విశ్వాసి తీసుకునే నిర్ణయానికి వెల ఎప్పుడూ అతడొక్కడే చెల్లించడు. ఇంట్లోవాళ్లు, తోటి ఉద్యోగులు, స్నేహితులు కూడా చెల్లిస్తారు. లిడెల్ మీద వచ్చిన విమర్శలో ఈ బాధ కూడా ఉంది. దానిని దేశభక్తి పేరుతో రెచ్చిపోయినవాళ్ల కోపంగా కొట్టిపారేయకూడదు.

ఆయన పుట్టింది చైనాలోని టియెన్‌ట్సిన్‌లో, 1902 జనవరి 16న. తల్లిదండ్రులు స్కాట్లండ్ నుండి వెళ్లిన లండన్ మిషనరీ సొసైటీ సేవకులు. 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టి తెలుగులో సువార్తల అనువాదం మొదలుపెట్టింది ఆ సొసైటీవారే. ఆరేళ్ల వయసులో ఎరిక్‌ను అన్న రాబ్‌తో పాటు ఇంగ్లండులో మిషనరీ పిల్లల బడిలో చేర్చి, తల్లిదండ్రులు తిరిగి చైనా వెళ్లారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్స్ చదువుతూనే స్కాట్లండ్ రగ్బీ జట్టు తరఫున ఏడు మ్యాచ్‌లు ఆడాడు. 1923లో 100 గజాలను 9.7 సెకన్లలో పరుగెత్తాడు. ఆ బ్రిటిష్ రికార్డు చాలా ఏళ్లు నిలిచింది. అదే నెలలో స్టోక్‌లో జరిగిన 440 గజాల పందెంలో మొదట్లోనే మరొకరు తగిలి కిందపడ్డాడు. లేచేసరికి మిగతావాళ్లు సుమారు 20 గజాలు ముందున్నారు. అయినా గెలిచి, గీత దాటాక సొమ్మసిల్లి పడిపోయాడు.

సినిమాలో ఆయన ఓడ ఎక్కుతుండగా 100 మీటర్ల హీట్స్ ఆదివారం అని తెలిసినట్టు చూపించారు. నిజానికి నెలల ముందే తెలుసు. నాకైతే అదే ఎక్కువ విలువైన సంగతి. ఆవేశంలో ఒక్క పూట తీసుకున్న తీర్మానం కాదది. ఆ నెలలన్నీ పత్రికల మాటలు పడుతూ, కోచ్ టామ్ మెక్‌కెర్చర్ దగ్గర 400 మీటర్లకు సిద్ధపడ్డాడు. జూలై 6 ఆదివారం హీట్స్ జరుగుతుంటే ఆయన పారిస్‌లోని స్కాట్స్ సంఘంలో వాక్యం చెబుతున్నాడు. 200 మీటర్లలో కాంస్యం వచ్చింది. శుక్రవారం 400 మీటర్ల ఫైనల్లో అన్నిటికంటే బయటి లేన్ దక్కింది. అక్కడినుండి పరుగెత్తేవాడికి పక్కవాళ్లెవరూ కనబడరు. మొదటి సగాన్నే 200 మీటర్ల పందెంలా పరుగెత్తాడు, ఆ వేగం చివరిదాకా నిలవదని చూసేవాళ్లు అనుకున్నారు. 47.6 సెకన్లు. రెండవవాడైన అమెరికన్ హొరేషియో ఫిచ్ కంటే 0.8 సెకన్లు ముందు.

రిలే అంటే ఆయనకు ఇష్టం లేక కాదు. పారిస్ నుండి వచ్చాక జూలై 19, శనివారం, లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి మైదానంలో బ్రిటిష్ సామ్రాజ్య జట్టుకూ అమెరికాకూ పోటీ జరిగింది. 4×440 గజాల రిలేలో చివరి వంతు లిడెల్‌ది. ఎదురుగా మళ్లీ ఫిచ్. బ్యాటన్ చేతికి వచ్చేసరికి అమెరికన్ కొన్ని గజాలు ముందున్నాడు. లిడెల్ అతణ్ణి దాటి జట్టును గెలిపించాడు. ఆరు రోజుల తేడా! ఆదివారం ఇవ్వలేనిది శనివారం మనస్ఫూర్తిగా ఇచ్చాడు.

మరుసటి ఏడాది, 1925లో, పరుగు మంచి ఊపులో ఉండగా చైనా వెళ్లిపోయాడు. టియెన్‌ట్సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కాలేజీలో సైన్స్ పంతులు. 1932లో అభిషేకం పొందాడు. 1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లోరెన్స్‌ను వివాహమాడాడు. 1937లో పల్లెసేవకు షియావోచాంగ్ వెళ్లాడు, అన్న రాబ్ అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. అప్పటికే జపాన్ సైన్యం ఆ ప్రాంతంలోకి దిగుతోంది. ఒకసారి గాయపడ్డ మనిషిని బండిలో ఆసుపత్రికి తెస్తూ, దారిలో మెడ మీద కత్తివేటు పడి కొన ఊపిరితో ఉన్న మరొకణ్ణి కూడా ఎక్కించుకున్నాడు. ఆ రెండవవాడు బతికాడు. అతడు చిత్రకారుడు, కృతజ్ఞతగా పూల చిత్రాలు వేసి ఇచ్చాడు.

1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడాకు పంపించి తాను ఉండిపోయాడు. మూడో కుమార్తె మోరీన్ అక్కడే పుట్టింది. ఆ బిడ్డను ఆయన చూడలేదు.

1943 మార్చిలో వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరం. తల్లిదండ్రులకు దూరమైన మిషనరీ పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆయన అంకుల్ ఎరిక్. పాఠాలు చెప్పాడు, బైబిలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. మొదట్లో ఆదివారం మాత్రం ఆటలకు ఒప్పుకోలేదు. కానీ గోడల మధ్య బందీలైన కుర్రాళ్లకు ఆ ఖాళీ రోజు గడవడం కష్టమైంది. ఒక ఆదివారం తమంతట తాము హాకీ ఆడారు. రిఫరీ లేడు, ఆట కొట్లాటగా మారింది. ఆ తరువాతి ఆదివారం విజిల్ పట్టుకుని మైదానంలో నిలబడింది లిడెల్.

ఈ ఘట్టాన్ని మన ప్రసంగాల్లో ఎందుకు వదిలేస్తామో నాకు తెలుసు. ఆదివారం టోర్నమెంటుకు వెళ్తానని అడిగే అబ్బాయికి మనం లిడెల్‌ను చూపించి నోరు మూయిస్తాం. ఆయనే ఆదివారం మైదానంలోకి దిగాడంటే మన వాదన బలహీనపడుతుందని భయం. అయితే ఆయన నమ్మకం వదులుకున్నాడా? నా మట్టుకు అలా తోచదు. పారిస్‌లో ఆ దినాన్ని పతకం కోసం ఇవ్వలేదు. వెయ్‌షియెన్‌లో కుర్రాళ్లు ఒకరినొకరు కొట్టుకోకుండా ఉండడం కోసం ఇచ్చాడు. విశ్రాంతిదినాన గుంటలో పడ్డ గొర్రె గురించి ప్రభువు అడిగిన ప్రశ్న ఆయనకు తెలియనిది కాదు.

ఆ చలికాలం తలనొప్పులు ఎక్కువయ్యాయి. మెదడులో కణితి. 1945 ఫిబ్రవరి 21న, 43 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆరు నెలలు తిరక్కముందే శిబిరానికి విడుదల వచ్చింది. కెనడాలో ఉన్న ఫ్లోరెన్స్‌కు ఆయన మరణవార్త రెండు నెలలు దాటాక గానీ చేరలేదు.

చనిపోవడానికి కొద్ది వారాల ముందు లిడెల్ తన పరుగు బూట్లను స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రవాడికి ఇచ్చాడు. చలికి వేసుకోవడానికి ఆ పిల్లవాడికి బూట్లు లేవు. అరిగిపోయి, అతుకులు వేసిన బూట్లే అవి. శత్రువుల కోసం, అంటే తమను కావలి కాస్తున్న జపాన్ సైనికుల కోసం, ప్రార్థన చేయమని నేర్పిందీ ఆయనే. మెట్‌కాఫ్ పెద్దవాడయ్యాక మిషనరీగా జపాన్ వెళ్లి, దశాబ్దాల పాటు అక్కడే సేవ చేశాడు.