మందుబిళ్ల ధర అడిగిన సెనేటర్

డాక్టరు చీటీ రాస్తాడు. షాపువాడు బిళ్లలు కత్తిరించి కవర్లో వేస్తాడు. రోగి జేబులో చెయ్యి పెడతాడు. హోసూరులో అయినా, బళ్లారిలో అయినా, బరంపురంలో అయినా ఈ వరస మారదు. వంకాయల దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనిషి కూడా మందుల షాపు ముందు నోరు మెదపడు. ఈ బిళ్ల తయారుచేయడానికి ఎంతయింది, ఇంత ధర ఎందుకు అని అడగాలన్న ఆలోచనే రాదు. అడిగినా చెప్పేవాడుండడు.

అరవై ఏళ్లకు పైగా దాటింది. అమెరికాలో ఒక సెనేటర్ ఈ ప్రశ్న అడిగారు. వీధిలో నిలబడి కాదు... పెద్ద పెద్ద మందుల కంపెనీల అధిపతులను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, లెక్కల కాగితాలు ముందుపెట్టి మరీ అడిగారు. ఆయన పేరు ఎస్టెస్ కీఫావర్. ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. సముద్రాలు దాటి మన దేశం దాకా వచ్చింది.

ఇనుప సామాన్ల కొట్టు నుంచి

కీఫావర్ 1903 జులై 26న టెన్నెసీ రాష్ట్రంలోని మాడిసన్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రికి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఊరికి మేయరుగానూ చేశారు. డిగ్రీ అయ్యాక కీఫావర్ కొన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పి, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో 1927లో లా పూర్తిచేసి, చట్టనూగా పట్టణంలో ప్లీడరుగా స్థిరపడ్డారు. 1935లో స్కాట్లాండ్ యువతి నాన్సీని పెళ్లాడారు. 1939లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.

మనిషి పొడగరి. మాట నిదానం. ఎదుటివాడు ఎంత రెచ్చగొట్టినా గొంతు పెంచేవారు కాదు. 1948లో సెనేట్‌కు పోటీచేసినప్పుడు మెంఫిస్ నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న క్రంప్ అనే నాయకుడు ఆయన్ని రాకూన్‌తో పోల్చి ఎగతాళి చేశాడు. రాకూన్ అంటే అమెరికా అడవుల్లో తిరిగే ఒక జిత్తులమారి జంతువు. కీఫావర్ కోప్పడలేదు. ఆ జంతువు తోలుతో చేసిన తోకటోపీ నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగారు. తిట్టే గుర్తింపు అయి కూర్చుంది. ఎన్నిక గెలిచారు. ఆ టోపీ జీవితాంతం ఆయన పేరుకు అతుక్కునే ఉంది.

1950-51లో వ్యవస్థీకృత నేరాల మీద ఆయన జరిపిన విచారణను టీవీల్లో లక్షలమంది చూశారు. ఆ ఊపుతో 1952లో రాష్ట్రపతి పదవికి పార్టీ టికెట్ అడిగారు. న్యూ హాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో సాక్షాత్తూ అధ్యక్షుడు ట్రూమన్‌నే ఓడించారు. అయినా పార్టీ పెద్దలు టికెట్ ఇవ్వలేదు. 1956లో ఉపాధ్యక్ష అభ్యర్థిత్వం కోసం జాన్ కెన్నెడీతో పోటీపడి గెలిచారు గానీ, అసలు ఎన్నికలో పార్టీ ఓడింది. నల్లజాతివారికి సమాన చదువు దక్కకుండా దక్షిణాది నాయకులు అదే ఏడాది రాసిన ప్రకటన మీద సంతకం పెట్టడానికి నిరాకరించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. సొంత పార్టీలో పెద్దలకు ఆయన ఎప్పుడూ కొరకరాని కొయ్యే.

పోటీ కావాలన్నదే ఆయన వాదన

కీఫావర్‌ను మార్కెట్‌కు శత్రువన్నారు చాలామంది. అది తప్పు. ఆయన కోరింది పోటీ. ఒక కంపెనీ ఇంకో కంపెనీని మింగేసి మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకోకుండా 1950లో వచ్చిన చట్టానికి ఆయన పేరూ ఉంది. 1957లో గుత్తాధిపత్యాలపై సెనేట్ ఉపసంఘానికి ఛైర్మన్ అయ్యారు. ఉక్కు, కార్లు, రొట్టె... ఒక్కోదాని ధర ఎందుకు పెరుగుతోందో తవ్వుకుంటూ వచ్చారు. తవ్వుతూ తవ్వుతూ మందుల దగ్గరికి చేరారు.

అక్కడ ఆయనకు ఓ విచిత్రం కనిపించింది. మిగతా ఏ సరుకైనా కొనేవాడే ఎంచుకుంటాడు. నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాడు. మందు అలా కాదు. ఏది వాడాలో చెప్పే డాక్టరు జేబులోంచి పైసా పోదు. డబ్బు కట్టే రోగికి ఎంచుకునే వీల్లేదు. ఇలాంటి చోట పోటీ తనంతట తానే ధరలు దించుతుందని ఎదురుచూస్తే, ఎండిన బావిలో బొక్కెన వేసినట్టే.

లెక్కలు బయటికొచ్చిన రోజు

1959 డిసెంబర్ 7న మందులపై విచారణ మొదలైంది. తొలిరోజే షెరింగ్ కంపెనీ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ బ్రౌన్ సాక్షి. కీళ్లవాతానికి వాడే ప్రెడ్నిసొలోన్ బిళ్ల లెక్క తీశారు. ఒక్కో బిళ్లలో ముడిమందు, తయారీ కలిపి ఒకటిన్నర సెంట్ల దరిదాపు. షాపువాడికి వేసే ధర దాదాపు 18 సెంట్లు. రోగి చేతికి వచ్చేసరికి దాదాపు 30. ఆ కోవ మందులమ్మే పెద్ద కంపెనీలు నాలుగైనా షాపులకు వేసే ధర మాత్రం ఒక్కటే! పోటీ ఉంటే అందరి ధరా సెంటు తేడా లేకుండా ఎలా కుదిరిందన్నది కీఫావర్ ప్రశ్న.

ఇంకో మందుది మరీ విడ్డూరం. ఆడవాళ్లకు ఇచ్చే ప్రొజినాన్ అనే హార్మోన్ బిళ్లలు 60. వాటిలోని ముడిమందు విలువ 11.7 సెంట్లు. అమ్మకం ధర 8 డాలర్ల 40 సెంట్లు. అంటే ముడిమందు మీద 7,079 శాతం! మర్నాడు పత్రికలన్నీ ఈ అంకెనే పతాక శీర్షికలకు ఎక్కించాయి.

కంపెనీలు ఊరుకోలేదు. వాళ్ల వాదనలోనూ పస లేకపోలేదు. ముడిమందు ధరే మందు ధర ఎలా అవుతుందని అడిగారు. వేల పదార్థాలు పరీక్షిస్తే ఒక్కటి మందుగా నిలుస్తుంది, మునిగిన ఖర్చంతా దాని మీదే రాబట్టుకోవాలి అన్నారు. లాభం ఆశ లేకపోతే కొత్త మందు కనిపెట్టేదెవరన్నారు. పదిహేను ఇరవై ఏళ్లలో యాంటిబయాటిక్స్ ఎన్ని ప్రాణాలు కాపాడాయో గుర్తుచేశారు. ఉపసంఘంలోని డర్క్‌సెన్, హ్రుస్కా అనే సెనేటర్లు కంపెనీల పక్షాన నిలబడి, ముడిమందు అంకెలు చెప్పి జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నారని కీఫావర్‌ను దుయ్యబట్టారు.

కీఫావర్ మళ్లీ లెక్కలే అడిగారు. పెద్ద కంపెనీల ఖాతాలు తిరగేస్తే, వంద డాలర్ల అమ్మకంలో పరిశోధనకు పోతున్నది ఆరు డాలర్ల చిల్లర. డాక్టర్ల చుట్టూ తిరిగే ప్రతినిధులకు, ప్రకటనలకు, అమ్మకపు ఖర్చులకు పోతున్నది పాతిక దాకా. పరిశోధన పేరు చెప్పి వసూలు చేస్తున్న ధరలో ప్రచారం వాటా దానికి నాలుగింతలని తేలింది.

మన సుబ్బారావు ప్రయోగశాల మందు

ఈ విచారణలో తెలుగువారికి తెలిసిన ఓ తీగ ఉంది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి. ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ మందు నుంచే తర్వాత ఫైజర్ శాస్త్రవేత్తలు టెట్రాసైక్లిన్‌ను రాబట్టారు. దాన్ని ఐదు కంపెనీలు అమ్మేవి. వంద క్యాప్సూళ్లకు షాపువాడు చెల్లించే ధర ఏళ్ల తరబడి 30 డాలర్ల 60 సెంట్ల దగ్గర కదలకుండా కూర్చుంది. ఎవరిది కొన్నా అంతే. విచారణ వేడి తగిలాక 1960లో 15 శాతం తగ్గింది. తగ్గించినప్పుడూ కంపెనీలు కలిసే తగ్గించాయి! కుమ్మక్కయ్యారన్న కేసు కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి, చివరికి 1973లో కంపెనీలు నేరాభియోగం నుంచి బయటపడ్డాయి. అది వేరే కథ.

పేదదేశం, పెద్ద ధర

ఉపసంఘం దేశదేశాల మందుల ధరలూ పోల్చి చూసింది. మందులకు పేటెంట్ ఇవ్వని ఇటలీ లాంటి దేశాల్లో ధరలు తక్కువ. పేటెంట్ ఉన్నచోట ఎక్కువ. 1961లో వెలువడిన నివేదికలో భారతదేశం ప్రస్తావన వచ్చింది. ప్రపంచంలో మందుల ధరలు అత్యధికంగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటని తేల్చారు. తలసరి ఆదాయం చూస్తే అడుగున, మందు ధర చూస్తే పైన. అప్పట్లో మనకు బ్రిటిష్ కాలం నాటి 1911 పేటెంట్ చట్టమే దిక్కు.

మన దగ్గర అప్పటికే ఆ చర్చ నడుస్తోంది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లోనే పేటెంట్ల మీద నివేదిక ఇచ్చి ఉన్నారు. కీఫావర్ నివేదిక దానికి తోడైంది. కొత్త పేటెంట్ చట్టం కావాలన్నవాళ్లంతా ఆ వాక్యాన్నే పదేపదే ఎత్తిచూపారు. చివరికి 1970లో చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందుకు కాకుండా, మందు తయారుచేసే పద్ధతికే, అదీ కొద్ది ఏళ్లకే పేటెంట్. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్ కర్మాగారంలో పని నేర్చుకున్నవాళ్లకు ఈ చట్టం తలుపులు తెరిచింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆనాడు ఏ దేశపు కంపెనీల ధరలను కీఫావర్ నిలదీశారో, ఆ అమెరికాకే ఇవాళ హైదరాబాద్ నుంచి చౌక మందులు ఓడలెక్కుతున్నాయి. అయితే 2005 నుంచి మన దేశంలోనూ మందులకే పేటెంట్ ఇవ్వడం మళ్లీ మొదలైంది.

సగం గెలుపు

కీఫావర్ 1961 ఏప్రిల్‌లో బిల్లు పెట్టారు. అందులో గుండెకాయ లాంటిది ఒక్కటే. కొత్త మందు మీద కంపెనీకి మూడేళ్లు సర్వహక్కులు. ఆ తర్వాత అడిగిన ప్రతి తయారీదారుకూ లైసెన్సు ఇవ్వాలి, దానికి 8 శాతం దాకా రాయల్టీ తీసుకోవచ్చు. కనిపెట్టినవాడికి ప్రతిఫలం, రోగికి పోటీ. రెండూ దక్కాలన్నది ఆయన ఆలోచన.

1962 జూన్‌లో ఆయనకు తెలియకుండా, ఆయన్ని పిలవకుండా, ప్రభుత్వ అధికారులు, సెనేట్ పెద్దలు సమావేశమై బిల్లును నీరుగార్చారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు సభలో మండిపడ్డారు. బిల్లు చచ్చిందనే అనుకున్నారంతా.

నెల తిరిగిందో లేదో థాలిడొమైడ్ సంగతి గుప్పుమంది. గర్భిణులు నిద్రకు, వికారానికి వాడిన ఆ మందు వల్ల యూరప్‌లో వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అమెరికాలో దాన్ని అమ్మనివ్వకుండా అడ్డుపడింది ఔషధ నియంత్రణ సంస్థలోని ఫ్రాన్సెస్ కెల్సీ అనే డాక్టరమ్మ. జనంలో కదలిక వచ్చింది. బిల్లు లేచి కూర్చుంది. 1962 అక్టోబర్ 10న కెన్నెడీ సంతకం చేశారు. మందు పనిచేస్తుందని సరైన పరీక్షలతో రుజువు చేయాలి. ప్రయోగానికి రోగి సమ్మతి కావాలి. ప్రకటనల్లో దుష్ఫలితాలూ చెప్పాలి. డబ్బా మీద మందు అసలు పేరు కనిపించాలి... ఈ రోజు ప్రపంచమంతా పాటించే పద్ధతులు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

కానీ ధర సంగతి? అది మాత్రం చట్టంలోకి తిరిగి రాలేదు. మందు ధర గురించి మొదలైన పోరాటం మందు భద్రతతో ముగిసింది. పైపెచ్చు రుజువుల ఖర్చు పెరిగి కొత్త మందులు తగ్గాయని 1973లో శామ్ పెల్ట్స్‌మన్ అనే ఆర్థికవేత్త వాదించారు. పాత మందును చౌకగా చేయాలనుకున్న చిన్న కంపెనీలకూ ఆ పరీక్షలు గుదిబండే అయ్యాయి. 1984లో మరో చట్టం వచ్చేదాకా వాటికి దారి సులువు కాలేదు.

చివరి మాట సభలోనే

1963 ఆగస్టు 8న కీఫావర్ సెనేట్‌లో మాట్లాడుతున్నారు. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన అంతరిక్ష పరిశోధన ఫలితాన్ని ప్రైవేటు ఉపగ్రహ కంపెనీ వాడుకుంటే దానికి డబ్బు కట్టాలన్నది ఆయన పట్టు. మాట్లాడుతుండగానే ఒంట్లో బాగాలేదు. అయినా కూర్చోలేదు. రెండు రోజులకు, ఆగస్టు 10న ఆసుపత్రిలో గుండె దగ్గర పెద్ద రక్తనాళం చిట్లి కన్నుమూశారు. వయసు అరవై.

అమెరికాలో వృద్ధుల వైద్య పథకం కొన్ని మందుల ధరల మీద కంపెనీలతో బేరమాడవచ్చని చట్టం వచ్చింది 2022లో. కీఫావర్ పోయిన 59 ఏళ్లకు. మన దగ్గర ధరల నియంత్రణ ఉత్తర్వులున్నాయి, జన ఔషధి దుకాణాలున్నాయి. అయినా ఒకే మందు ఒక పేరుతో పది రూపాయలు, ఇంకో పేరుతో యాభై రూపాయలుగా అదే అరలో పక్కపక్కనే ఉంటుంది. ఎందుకంత తేడా అని షాపు ముందు నిలబడినవాడు అడగడు. ఒక్కసారి అడిగి చూస్తే, పదిలో కొన్నిసార్లయినా చౌకది బయటికొస్తుంది. కీఫావర్ చేసిందీ అంతే. అడగడం.